రాబిన్‌హుడ్ నిజంగా ఉన్నాడా అని అడిగావు కదా

బంగారం,

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ కోట దగ్గర, పాత కథల్లోని అడవి దొంగ రాబిన్‌హుడ్ విగ్రహం పక్కన దిగిన ఫోటో చూశాను. నువ్వడిగినదానికి ఫోన్లో సగం చెప్పి వదిలేయడం ఇష్టం లేక ఇలా రాస్తున్నా.

1225లో యార్క్ కోర్టుకు దొరక్కుండా పారిపోయిన రాబర్ట్ హాడ్ అనేవాడి సామాను జప్తు చేశారు, విలువ 32 షిల్లింగుల 6 పెన్నీలు. అసలు రాబిన్ ఇతనే అనేవాళ్ళున్నారు గానీ, ఒక్క జప్తు పద్దు పట్టుకుని అంత మాట అనడం నాకు నచ్చదు.

నాకు గట్టిగా అనిపించేది 1262 నాటి సంగతి. బర్క్‌షైర్‌లో దోపిడీ ముఠాలో తిరిగిన విలియం అనేవాడు పారిపోయాడు. అంతకుముందు రికార్డులో కమ్మరి రాబర్ట్ కొడుకు విలియం అనే ఉంది, కానీ ఆ పద్దును మళ్ళీ ఎక్కించిన గుమాస్తా "విలియం రోబెహాడ్" అని రాశాడు. అంటే అప్పటికే ఆ పేరు జనం నోళ్ళలో నానుతోందన్నమాట, దొంగ కనిపిస్తే చాలు తగిలించేంతగా! అందుకే ఒక్క మనిషి కోసం వెతకడం కన్నా, ఆ పేరు అంతలా ఎందుకు పాకిందో చూడాలంటాను.

1500 ప్రాంతంలో అచ్చయిన పాత గాథలో రాజు పేరు ఎడ్వర్డ్, తర్వాతి కథల్లో చెప్పే రిచర్డ్ కాదు. రాబిన్ ప్రియురాలిగా చెప్పే మారియన్ లేనే లేదు. రాబిన్ దొర కాదు, సొంత కాళ్ళ మీద బతికే మామూలు మనిషి. మఠాధిపతికి 400 పౌండ్లకు భూమి తాకట్టు పెట్టి దివాలా తీసిన ఒక నైట్, అంటే గుర్రపు యోధుడు, అడవిలో రాబిన్ ముఠాకి దొరుకుతాడు, నా దగ్గర పది షిల్లింగులే, అంటే అర పౌండే ఉందంటాడు. రాబిన్ అనుచరుడు లిటిల్ జాన్ తన అంగీ నేల మీద పరిచి పెట్టె కుమ్మరిస్తే నిజంగానే అంతే ఉంటుంది. అబద్ధం ఆడలేదని రాబిన్ ఆ 400 పౌండ్లూ అప్పిస్తాడు. అప్పుల బాధ తెలిసినవాళ్ళు ఆ కథను ఎందుకు వదల్లేదో ఇక్కడే అర్థమవుతుంది.

రిచర్డ్ కాలానికి అతన్ని ముడిపెట్టింది 1521లో జాన్ మేజర్ అనే చరిత్రకారుడు, జమీందారును చేసింది 1598 నాటి నాటకాలు. సామాన్యుల వీరుణ్ణి అలా దొరల ఖాతాలో వేసేయడం నాకు ఇప్పటికీ బాధే.

ఇంకోటి, ఆ గాథలో అతను ఎక్కువగా తిరిగేది నాటింగ్‌హామ్ దగ్గరి షెర్‌వుడ్ అడవిలో కాదు, యార్క్‌షైర్ బార్న్స్‌డేల్‌లో. సెలవుల్లో వీలైతే అక్కడి వెంట్‌బ్రిడ్జ్ ఊరి వైపు వెళ్ళు, ఉత్తరాది పాత రహదారి అటుగానే పోయేది. స్వెట్టర్ మర్చిపోకు.

నాన్న