18 పనులన్నారు, వెర్నియర్ పెట్టి కొలిచాను

కస్టమర్ కేర్ వాళ్ళకీ, వెబ్‌సైట్‌లో పేరుండి ఫోన్‌లో మాత్రం ఎప్పుడూ దొరకని గ్రీవెన్స్ ఆఫీసర్ గారికీ నమస్కారం.

విషయం: మీ '18 ఇన్ 1' పాకెట్ మల్టీటూల్ విరిగిపోయింది. నా 1,499 రూపాయలు వాపసు ఇవ్వాలి, మీ పేజీలో పెట్టిన పోలికల పట్టిక తీసేయాలి.

రెండోదే నాకు ముఖ్యం. డబ్బు పోతే పోయిందని ఊరుకునేదాన్నేమో గానీ ఆ పట్టిక చూసి ఇంకొకళ్ళు కొంటారన్నదే నా బాధ.

నేను పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మొన్న చాట్‌లో మీ అబ్బాయి "మేడమ్, మీకు టూల్ వాడటం అలవాటు లేకపోయి ఉండొచ్చు" అన్నాడు. పదేళ్ళకు పైగా నా హ్యాండ్‌బ్యాగులో చిన్న కత్తి లేని రోజు లేదు నాయనా. 2012లో మా తమ్ముడు స్విట్జర్లాండ్ నుంచి తెచ్చిన విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ అది. మూస్తే 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములు, అంటే తాళాలగుత్తికి ఉన్నట్టే తెలియదు. ఒక బ్లేడు, ఒక కత్తెర, గోళ్ళు రాసుకునే చిన్న ఆకురాయి, చిమటా, పళ్ళపుల్ల, అంతే. ఆ చిమటాతో ఎంతమంది పిల్లల అరికాళ్ళలో తుమ్మముళ్ళు తీశానో లెక్కలేదు. ఆ కత్తెరతో ప్రశ్నపత్రాల కట్టల మీది దారాలు కోశాను, బస్సులో చింపుకున్న చీర అంచు సరిచేసుకున్నాను, పాల ప్యాకెట్లు సరేసరి. పోయిన డిసెంబరులో హైదరాబాద్ పెళ్ళికి వెళ్తూ గన్నవరం ఎయిర్‌పోర్టులో దాన్ని హ్యాండ్‌బ్యాగులోనే మర్చిపోయాను. కత్తి క్యాబిన్‌లోకి రాదని తెలిసి కూడా. తప్పు నాదే, వాళ్ళు తీసి డబ్బాలో వేశారు, నేను చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కొత్తది కొందామని వెతికితే మీ పట్టిక కనబడింది. ఒక గడిలో మీది, ఒక గడిలో 'స్విస్ కత్తి', ఒక గడిలో 'అమెరికా ప్లయర్'. మీ గడి నిండా పచ్చ టిక్కులు, పక్క గడుల్లో ఎర్ర ఇంటూలు. అందులో స్విస్ కత్తికి ఎదురుగా 'స్క్రూ డ్రైవర్ లేదు' అని రాశారు. బొమ్మ మాత్రం క్లాసిక్ ఎస్‌డీదే పెట్టారు! ఆ పేరులో ఎస్‌డీ అంటేనే స్క్రూ డ్రైవర్. ఆకురాయి చివర రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పున ఉంటుంది, దాని మూలతో పిల్లల కళ్ళజోళ్ళ స్క్రూలు బిగించేదాన్ని. ఇక 'అమెరికా ప్లయర్'కి ఎదురుగా 'స్ప్రింగ్ లేదు' అని ఉంది. అమెరికా కంపెనీల చిన్న మల్టీటూల్స్ లెదర్‌మన్ స్క్విర్ట్‌కీ, గెర్బర్ డైమ్‌కీ కూడా ప్లయర్‌లో స్ప్రింగ్ ఉంటుంది, నొక్కి వదిలితే దానంతటదే తెరుచుకుంటుంది. మరి ఈ పట్టిక తయారుచేసినవాళ్ళు వాటిని ఒక్కసారైనా చేతిలో పట్టుకున్నారా?

నేను అప్పుడు ఇవన్నీ ఆలోచించలేదు. ప్లయర్ కూడా ఉంది, 18 పనులట, ధర కూడా తక్కువే అని ఆర్డర్ పెట్టేశాను. ఆ మాట ఒప్పుకోవాలి.

పెట్టె వచ్చిన రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అందరం కూర్చుని 18 ఏవో లెక్కపెట్టాం. తాళాల రింగు ఒకటి. విక్టోరినాక్స్ వాళ్ళూ రింగును లెక్కేసుకుంటారు, నిజమే, దానికి నేనేం అనను. కానీ ఒకే చదునైన మొనను మీరు 'స్క్రూ డ్రైవర్', 'పెయింట్ డబ్బా మూత తీసేది', 'గీకేది' అని మూడుసార్లు లెక్కేశారు. పిడిలో ఒక రంధ్రం ఉంది, దాని పేరు 'నట్టు తిప్పేది', ఏ నట్టూ అందులో పట్టలేదు. సీసా మూత తీసేది ఉంది, అది బాగానే పనిచేస్తుంది, అబద్ధమెందుకు. అన్నీ కలిపి నిజంగా పనికొచ్చేవి ఏడు తేలాయి. చూడబోతే ఆ పాత కత్తికి, స్క్రూ డ్రైవర్ మొనా రింగూ కలుపుకుని, కంపెనీవాళ్ళు రాసేదీ ఏడే.

తర్వాత ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. బరువు 68 గ్రాములని మీ పేజీలో ఉంది, మా త్రాసులో 97 వచ్చింది. రెండుసార్లు తూచాను. మీ 'చిన్న స్క్రూ డ్రైవర్' మొన వెర్నియర్‌తో కొలిస్తే 4.1 మిల్లీమీటర్లు, కళ్ళజోడు స్క్రూ గాడిలో దాని మూల కూడా దూరదు. పక్కన పిడి మీద స్కేలు గీతలు చెక్కారు కదా, దానిలో తప్పు పట్టుకుంది మాత్రం నేను కాదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తన జామెట్రీ బాక్సులోని స్కేలు పక్కన పెట్టి చూసి "టీచర్, దీని ఆరు సెంటీమీటర్లు మనకు ఐదున్నర దాటి కొంచెమే ఉంది" అంది. తరగతంతా నవ్వింది. కొలతల పాఠంలో దోషాల గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, అందుకు మాత్రం మీకు థాంక్స్.

ఇక విరిగిన సంగతి. ఏడో తరగతి గదిలో ఒక బల్లకి మేకు పైకి లేచి పిల్లల బట్టలు చిరుగుతున్నాయి. చిన్న ప్లయర్‌తో మేకు పీకకూడదని మీరంటారని నాకు తెలుసు, కానీ మీ ప్రకటన వీడియోలోనే చెక్కలోంచి మేకు పీకి చూపించారు, ఆ వీడియో నా ఫోన్‌లో ఉంది. మేకు తలను పట్టి ఒక్కసారి లాగాను, రెండోసారి లాగేసరికి టక్‌మని శబ్దం వచ్చింది. రెండు దవడలనీ కలిపే రివిట్ తెగి ఒక దవడ ఎగిరి బీరువా కిందికి పోయింది. మేకు మాత్రం అక్కడే ఉంది. బీరువా కిందినుంచి చీపురుతో తీసి చూస్తే తెగిన చోట రివిట్ మధ్యలో బూడిదరంగు గరుకుగా, పొరలు పొరలుగా కనబడింది. ఫొటో జత చేశాను, దగ్గరికి జరిపి చూడండి. పిల్లల కళ్ళకి తగిలి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

మా లెక్కల సారు దగ్గర స్క్విర్ట్ పీఎస్4 ఉంది, 56 గ్రాములది, మీ దానికన్నా చిన్నది. అదే మేకును ఆయన దానితో అటూ ఇటూ కదిలించి మెల్లగా పైకి తీశారు. తీసినంతసేపూ "గట్టిగా లాగకూడదమ్మా, ఇది ఇప్పుడు తయారవ్వట్లేదు, పోతే మళ్ళీ దొరకదు" అంటూనే ఉన్నారు. తీశాక జేబురుమాలుతో తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన్ని ఒక్కరోజు అరువు అడగాలంటే కూడా నాకు మొహమాటం.

బ్లేడు విషయం కూడా రాయాలి. మీ చాట్ అబ్బాయి "మాది అసలైన స్టెయిన్‌లెస్ మేడమ్, అయస్కాంతం అంటుకోదు" అన్నాడు. అంటుకుంటుంది. అంటుకోవడం తప్పేమీ కాదు కూడా. కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ ఉక్కును బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు, ఆ రకానికి అయస్కాంతం అంటుకుంటుంది. అంటుకోనిది నికెల్ కలిసిన రకం, మనింట్లో స్టీలు గిన్నెలది, దాన్ని అలా గట్టిపరచలేం. అంటే మీవాడు చెప్పింది నిజమైతేనే నేను కంగారుపడాలి! మీ మనుషులకు మీ సరుకు గురించి ఒక అరగంట పాఠం చెప్పించండి, కావాలంటే నేనొచ్చి చెబుతాను. నా ఫిర్యాదు వేరే. పచ్చి మామిడికాయ ఒకటి కోసి, కడిగి, తుడిచి పెట్టాను, పొద్దున్నకి బ్లేడు మొదట్లో తుప్పు చుక్కలు. పైగా బ్లేడు తెరిచాక ఊగుతుంది. పాత దానికీ లాక్ లేదు, అయినా వెనక స్ప్రింగ్ బిగువుగా ఉండి తెరిస్తే నిలబడేది. మీది స్విచ్ బోర్డు ప్లేటు స్క్రూ తిప్పుతుంటే మడుచుకుని నా చూపుడువేలు మీద పడింది. మెయిన్ ఆఫ్ చేసే తిప్పాను, మళ్ళీ అది కూడా నాకు నేర్పకండి. వేలికి రెండు రోజులు ప్లాస్టర్.

వారంటీకి వద్దాం. పట్టికలో మీకు 'లైఫ్‌టైమ్', మిగతావాళ్ళకి 'పరిమితం' అని రాసుకున్నారు. విక్టోరినాక్స్ వాళ్ళు పదార్థంలో, పనితనంలో లోపాలకు జీవితకాలం ఇస్తారు, లెదర్‌మన్ వాళ్ళది 25 ఏళ్ళు. మీ పెట్టెలోంచి పడిన కార్డులో ఆరు నెలలని ఉంది. దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో 'కదిలే భాగాలకు వర్తించదు' అని ఉంది. మడతపెట్టే పనిముట్టులో కదలని భాగం ఏది సార్? నాకు రింగు ఒక్కటే కనబడుతోంది, అదీ కదులుతుంది.

ఇంకోటి, అట్ట మీద 'స్విస్ ఇంజినీరింగ్' అని పెద్దగా వేసి, ఏ దేశంలో తయారైందో ఎక్కడా వేయలేదు. దిగుమతి చేసుకున్న సరుకైతే ఏ దేశానిదో ప్యాకెట్ మీద వేయాలని ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లోనే ఉంది. ఇక్కడే తయారైతే అదే ధైర్యంగా వేసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు, ఇక్కడ తయారైన మంచి కత్తెరలు మా ఇంట్లో ఉన్నాయి.

నాకు కావలసినవి చెబుతాను. డబ్బు మొత్తం నా ఖాతాకి రావాలి, కూపన్ వద్దు, 'ఇంకో పీసు పంపిస్తాం' కూడా వద్దు. ఆ పట్టికలో స్క్రూ డ్రైవర్, స్ప్రింగ్, వారంటీ వరసలు సరిదిద్దండి, లేదా పట్టికే తీసేయండి. రివిట్ ఎందుకు అలా తెగిందో మీ తయారీవాళ్ళని అడిగి రెండు ముక్కలు రాయండి, ఇది మాత్రం ఫిజిక్స్ టీచర్‌గా నా కుతూహలం.

ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను మూడు వారాలుగా మీ చాట్‌లో తిరుగుతున్నాను, ప్రతిసారీ కొత్త అబ్బాయి, ప్రతిసారీ మొదటినుంచి కథ. ఈ ఉత్తరానికి కూడా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలు అయితే అక్కడ ఫీజు కూడా లేదు, వేసవి సెలవుల్లో నాకు తీరికే తీరిక. తప్పుదోవ పట్టించే ప్రకటన అని రాయడానికి మీ పట్టిక స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు.

బిల్లు కాపీ, ఫొటోలు, కొలతల కాగితం జత చేశాను. నా పేరు, నంబరు బిల్లు మీద ఉన్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్

తా.క. విరిగింది వాపసు తీసుకోవడానికి కొరియర్ అబ్బాయిని పంపేట్టయితే సాయంత్రం నాలుగున్నర తర్వాత పంపండి, పొద్దున నాకు వరసగా క్లాసులు. దవడ ముక్క విడిగా చిన్న కవర్లో పెట్టి టేపు వేశాను, విప్పేటప్పుడు కిందపడిపోకుండా చూసుకోండి.