తెర నల్లగా ఉందని కార్డు మార్చకు

చిన్నా,

"కంప్యూటర్ టీవీకి పెడితే నో సిగ్నల్ అని వస్తోందమ్మా, గ్రాఫిక్స్ కార్డు పోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెట్టేస్తా" అన్నావు రాత్రి. అప్పటికే నిద్రమత్తులో ఉన్నావని ఇంకేం చెప్పలేదు. ఈ ఉత్తరం చదివేదాకా ఆర్డర్ పెట్టకు.

మన పాత సినిమాల కంప్యూటర్‌కి ఇలాగే అయితే నేను తొందరపడి తెరకి బొమ్మ పంపే ఆ కార్డు కొన్నాను. పెట్టి చూస్తే మళ్ళీ అదే నలుపు. టార్చ్ వేసుకుని టీవీ వెనక్కి దూరి చూస్తే అప్పుడు తెలిసింది. అంతకు ముందు రోజు ఊడుస్తూ టీవీని గోడకి జరిపాను. కంప్యూటర్ నుంచి టీవీకి బొమ్మ మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ గోడకి ఆని వంగిపోయి, దాని ఇనుప మూతి ఒక పక్క నుంచి సన్నని గీతంత బయటికి వచ్చి ఉంది. వేలితో నొక్కగానే బొమ్మ వచ్చేసింది. పాత కార్డులో ఏ లోపమూ లేదు. ఆ డబ్బు పోయినందుకు ఇప్పటికీ బాధే.

అందుకే నువ్వు ముందు ఒక్కటే చూడు. టీవీ ఆన్ చేసి, సరైన ఇన్‌పుట్ పెట్టి, ఆ తర్వాత కంప్యూటర్‌ని రీస్టార్ట్ చెయ్యి. మొదటి క్షణాల్లో మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ లోపలి ముఖ్యమైన బోర్డు, తయారుచేసిన కంపెనీ లోగో కనబడుతోందా? కొన్ని టీవీలు బొమ్మ అందుకోవడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటాయి, కాబట్టి రెండుసార్లు చూడు.

లోగో వచ్చి, విండోస్ మొదలయ్యేసరికి నల్లబడితే కేబుల్‌నీ కార్డునీ అప్పుడే అనుమానించకు. టీవీ పట్టలేని రిజల్యూషనో (బొమ్మలో చుక్కల సంఖ్య) రిఫ్రెష్ రేటో (తెర సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో) కంప్యూటర్ పంపుతూ ఉండొచ్చు, లేదా కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, చెడిపోయి ఉండొచ్చు. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. దానికీ రాకపోతే విండోస్‌ని అతి తక్కువ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డ్రైవర్ తీసేసి మళ్ళీ వేసుకో. ఇకముందు రిజల్యూషన్ మార్చినప్పుడు తెర నల్లబడితే కంగారుగా ఏదీ నొక్కకు. 15 సెకన్లు ఊరుకుంటే పాత సెట్టింగుకి అదే వెళ్ళిపోతుంది.

లోగో కూడా రాకపోతే వెనక్కి వెళ్ళు. కేబుల్ కార్డుకే పెట్టావా, మదర్‌బోర్డు మీది పోర్టుకా? కార్డు ఉన్న కంప్యూటర్లో చాలాసార్లు మదర్‌బోర్డు పోర్టు మూగగా ఉంటుంది. తర్వాత వేరే కేబుల్, ఆ తర్వాత టీవీలో వేరే పోర్టు. ఒక్కసారికి ఒక్కటే మార్చు చిన్నా. మూడూ కలిపి మారిస్తే బొమ్మ వస్తుంది కానీ ఎందుకు పోయిందో తెలీదు, వారంలో మళ్ళీ పోతుంది.

ఇంకో సంగతి. టీవీ తను ఎంత రిజల్యూషన్ చూపగలదో, ఏ రిఫ్రెష్ రేటు పట్టగలదో కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. దాన్నే ఈడీఐడీ అంటారు. మధ్యలో స్పీకర్లకి శబ్దం పంపే ఆడియో రిసీవర్ ఉంటే ఆ మాట దాని గుండా పోవాలి, అక్కడ తప్పిపోతుంటుంది. రిసీవర్ తీసేసి నేరుగా టీవీకి పెట్టి చూడు. మెనూలన్నీ బాగా కనబడి ఒక్క సినిమా మాత్రమే నల్లగా వస్తుంటే కాపీ రక్షణ, అంటే హెచ్‌డీసీపీ, కుదరలేదేమో. 4కె, అంటే చాలా ఎక్కువ చుక్కలుండే, సినిమాలకి సాధారణంగా దాని 2.2 వెర్షన్ కావాలి, అదీ మధ్యలో ఉన్న ప్రతి పెట్టెకీ ఉండాలి.

బొమ్మ వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. అంచులు తెగిపోతే టీవీ రిమోట్‌లో ఆస్పెక్ట్ సెట్టింగులో ఓవర్‌స్కాన్ ఆపు, బొమ్మని కొంచెం పెంచి అంచులు తెంచేది అదే. నలుపు బూడిదలా పాలిపోయినా, చీకటి సీన్లో ఏమీ కనబడకపోయినా, కార్డు నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని ఒక రకం అంకెల రేంజ్‌లో పంపుతుంటే టీవీ ఇంకో రకం అనుకుంటోందని అర్థం. ఒకటి 0 నుంచి 255, రెండోది 16 నుంచి 235. రెండింటినీ ఒకటిగా పెట్టు. 4కెలో రిఫ్రెష్ రేటు 30 హెర్ట్జ్ (సెకనుకి 30 సార్లు) దాటకపోతే దారిలో ఏదో హెచ్‌డీఎంఐ 1.4 వెర్షన్ దగ్గర ఆగిపోయింది. 60 కావాలంటే 2.0 ఉండాలి. టీవీలో ఆ పోర్టుకి విడిగా ఆన్ చేసే సెట్టింగు ఉంటే అదీ చూడు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం కదలిక. సినిమాలు సెకనుకి దాదాపు 24 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు పడుతుంది. కెమెరా పొలం మీదుగా మెల్లగా పక్కకి తిరిగేటప్పుడు చెట్లు జారకుండా కుదుపుతూ వెళ్తాయి. చాలామంది గమనించరు, నాకు మాత్రం కళ్ళు నొప్పి పుడతాయి. సినిమాలు ఆడించే కోడీ ప్రోగ్రామ్‌లో సినిమాకి తగ్గట్టు రిఫ్రెష్ రేటు మార్చే సెట్టింగు ఉంది, అది ఆన్ చెయ్యి. అప్పుడు ఒక్కో సినిమా మొదట్లో తెర ఒక క్షణం నల్లబడుతుంది. అది చూసి భయపడకు, రేటు మారుతోందన్నమాట.

రేపు రాత్రి ఫోన్ చెయ్యి. బొమ్మ వచ్చిందా లేదా అన్నది తర్వాత, లోగో కనబడిందో లేదో ముందు చెప్పు. అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి చూద్దాం.

అమ్మ