కుక్కకు సూది వేస్తే సరిపోదు, కార్జం ముక్కను ఆపాలి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ బెంగళూరు పేజీలో వీధికుక్కల మీద పెద్ద వార్త వేశారు. కాట్లు, రేబిస్ సూదులు, ఆపరేషన్లు అన్నీ రాశారు. నట్టల గురించి, అంటే కుక్కల కడుపులోని పురుగుల గురించి, ఒక్క ముక్క లేదు. ఎవరైనా ఉత్తరం రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో పట్టిన కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, నట్టల మందు ఇవ్వాలి, టీకా వేయాలి అని మూడు పనులు చెప్పారు. మొదటిదీ చివరిదీ అందరి నోళ్లలో ఉన్నాయి. మధ్యది ఎక్కడికి పోయింది?

నేను అనంతపురం జిల్లా పశువైద్యశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరై, ఇప్పుడు కొడుకు దగ్గర హొరమావులో ఉంటున్నాను. గొర్రెలకు నట్టల మందు తాగించడంలోనే నా సర్వీసు సగం గడిచింది. కోసిన గొర్రె కార్జం (కాలేయం) మీద, ఊపిరితిత్తుల మీద తెల్లటి నీటి బుడ్డలు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. వాటిని హైడాటిడ్ తిత్తులంటారు. ఒక్క తిత్తిలో వేల పురుగు తలలుంటాయి. ఆ పచ్చి ముక్క కుక్క తింటే, ఆ తలలన్నీ దాని పేగుల్లో బద్దెపురుగులవుతాయి. ఒక్కో పురుగు బియ్యపు గింజను మించదు. వేలల్లో ఉన్నా కుక్క శుభ్రంగా తింటుంది, ఆడుతుంది, జబ్బు ఉన్నట్టే తెలియదు. దాని పెంటలో మాత్రం గుడ్లు పడుతూ ఉంటాయి. ఆ గుడ్లు గడ్డి మీద పడితే మేకకు, గొర్రెకు చేరతాయి. పిల్లల చేతులకో, కడగని ఆకుకూరకో అంటితే మనకు చేరతాయి. ఊళ్ల పక్క అడవుల్లో తోడేళ్లు, నక్కలు కూడా ఈ పురుగును మోస్తాయి. మటన్ తింటే ఈ జబ్బు వస్తుందని కొందరు భయపడతారు, అది తప్పు. మనిషికి వచ్చేది కుక్క పెంటలోని గుడ్ల వల్లే.

మా రోడ్డు చివర ఒక మటన్ అంగడి ఉంది. ఆదివారం పొద్దున ఆరింటికే పది కుక్కలు వరసగా కూర్చుని ఉంటాయి. కొనేవాళ్ల కంట పడకూడదని బుడ్డ ఉన్న కార్జం ముక్కను కోసి పక్కకు విసిరేస్తారు. అది కింద కూడా పడదు, కుక్క నోట్లోనే పడుతుంది. మనిషికి పనికిరాదని తీసేసిన ముక్కే కుక్క ద్వారా మళ్లీ మనిషి దగ్గరికి వస్తోంది! ఉగాది మర్నాడు ఇక్కడ ఇంటింటా మాంసం వండుకునే హొసతొడకు రోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరంతా క్యూ కడుతుంది, ఆ వ్యర్థమంతా సాయంత్రానికి ఖాళీ సైట్లలో తేలుతుంది.

మా వదినకు కార్జంలో ఇలాంటి తిత్తి ఉందని స్కానింగ్‌లో బయటపడింది. అప్పటికి అది ఎన్నేళ్లుగా పెరుగుతోందో డాక్టర్లకే తెలియలేదు. లోపల పగిలితే ప్రాణం మీదికి వస్తుందన్నారు. ఆపరేషన్ అయ్యేదాకా ఇంటిల్లిపాదీ టెన్షన్‌తో చచ్చిపోయాం. ఆవిడ ఇంట్లో కుక్క లేదు, జీవితంలో కుక్కను పెంచలేదు.

వార్డు ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాను. ఆరోగ్య విభాగం వాళ్లు చెత్త విభాగం అన్నారు. చెత్త విభాగం వాళ్లు పశువుల డాక్టరు అన్నారు. పశువుల డాక్టరు గారు సీట్లో లేరు. యాప్‌లో ఫిర్యాదు పెడితే రెండో రోజే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలియదు. మేం పనిచేసిన రోజుల్లో జీతాలు తక్కువే, జీపు కూడా లేదు. కానీ సంత రోజు కబేళాకు వెళ్లి కార్జం తిప్పి చూసి, బుడ్డ ఉంటే పాతిపెట్టించేవాళ్లం. ఇప్పుడు ఇంటి వెనక కోసి అంగట్లో వేలాడదీస్తున్నారు. మాంసం మీద తనిఖీ ముద్ర ఎవరు వేశారని అడిగే కొనుగోలుదారుడూ లేడు, తనిఖీకి వచ్చే అధికారీ లేడు.

మందు ఒక్కసారి వేస్తే చాలనుకునేవాళ్లకు ఒక మాట. ప్రాజిక్వాంటెల్ మాత్ర ఆ రోజు పేగుల్లో ఉన్న పురుగులను చంపుతుంది, అంతే. వచ్చే ఆదివారం మళ్లీ పచ్చి కార్జం తింటే ఆరేడు వారాల్లో ఆ కుక్క పెంటలో మళ్లీ గుడ్లు మొదలు. అందుకే అంగడి దగ్గరే ఆపాలి. గొర్రెల దేశమైన న్యూజిలాండ్‌లో కుక్కలకు పచ్చి పేగులు, కార్జాలు వేయకూడదని 1959లో చట్టం చేసి, కుక్కలకు క్రమం తప్పకుండా మందు వేశారు. 2002 నాటికి ఈ జబ్బు తమ దేశంలో లేదని ప్రకటించుకోగలిగారు. వాళ్లకు నలభై ఏళ్లు పట్టింది. మనం ఇంకా మొదలే పెట్టలేదు.

కుక్కలను తరిమేయమని నేను అనడం లేదు. అన్నం పెట్టేవాళ్లను తిట్టడమూ లేదు, పెట్టేది బాగా ఉడికించి పెట్టమంటున్నాను. ప్రతి మటన్ అంగడి ముందు మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టించి, రోజూ బండి వచ్చి తీసుకుపోయేలా చూడాలి. పట్టిన కుక్కల్లో ఎన్నింటికి నట్టల మందు వేశారో, ఏ మందు వేశారో వార్డువారీగా మీ విలేఖరి అడిగి, ఆ జవాబును ఇదే పేజీలో వేయండి. వచ్చే హొసతొడకు లోపల వేస్తే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్య సహాయకుడు,
హొరమావు, బెంగళూరు