మార్చి 17కి మన బోర్డు

చిన్నీ,

పండగకి చాక్‌పీసుతో గీసే నల్లబోర్డు సంగతి ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను చెప్పడం మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మనవడు బడిలో చేరిన మొదటి ఏడే, ఐర్లాండ్ వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డేకి "అవ్వ వాళ్ళింట్లో ఉండే బోర్డు మనింట్లో కూడా పెడదాం" అన్నాడని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంబరంగా ఉంది.

ముందు ఏం గీయకూడదో చెబుతాను. ఫిబ్రవరి ఆఖరుకల్లా అంగళ్ళ నిండా ఆకుపచ్చ టోపీలు, ఎర్రగడ్డం లెప్రకాన్లు (ఐరిష్ కథల్లోని మరుగుజ్జులు), బంగారు కాసుల కుండలు, నాలుగాకుల క్లోవర్లు దిగుతాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా మన బోర్డు ఎక్కనివ్వకు. ఆ రోజు ఎవరిదో ఆ మనిషికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. పాట్రిక్ ఐదో శతాబ్దపు మనిషి, పుట్టింది బ్రిటన్‌లో. పదహారేళ్ళ వయసులో దోపిడీగాళ్ళు పట్టుకొచ్చి ఐర్లాండ్‌లో బానిసను చేశారు. ఆరేళ్ళు మందలు కాశాడు. తప్పించుకుని ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఎవరూ లాక్కురాకుండా, తనంతట తానే ఇక్కడికి తిరిగొచ్చాడు. ఇదంతా ఆయనే లాటిన్‌లో 'కన్ఫెసియో' అని రాసుకున్నాడు. తొమ్మిదో శతాబ్దం మొదట్లో రాసిన ప్రతి ఒకటి ఇక్కడ డబ్లిన్‌లో, ట్రినిటీ కాలేజీలో ఉంది. ఆయన ఐర్లాండ్ నుంచి పాముల్ని తరిమేశాడని జనం చెప్పే కథ అందులో లేదు. ఆయన పేరుతో ముడిపెట్టే మూడాకుల మొక్క షామ్‌రాక్ ఊసు కూడా లేదు. ఇంటికి చేరాక ఒక రాత్రి కలలో, పశ్చిమ సముద్రం దగ్గరి ఫోక్లుట్ అడవి ప్రాంతపు జనం "వచ్చి మా మధ్య తిరుగు" అని పిలిచినట్టు రాశాడు. ఆ అడవి మీ మేయో కౌంటీలోదేనని చాలామంది పండితుల లెక్క.

ఊరు కాని ఊరు వచ్చి ఇల్లు కట్టుకున్న మనకు ఈ కథ కన్నా దగ్గరిది ఏముంది? వాడికి పడుకునేటప్పుడు ఇదే చెప్పు. బోర్డు మీద కూడా ఇదే ఉండాలి. మీ వెస్ట్‌పోర్ట్‌లో ఉన్నందుకు బొమ్మ వెతుక్కోనక్కర్లేదు, క్రో పాట్రిక్ కొండ ఎదురుగానే ఉంది. 764 మీటర్ల ఎత్తు, కొసగా లేచిన శిఖరం, పైన 1905లో కట్టిన చిన్న తెల్ల గుడి. తెల్ల చాక్‌పీసును పడుకోబెట్టి రెండు వాలులు లాగితే కొండ వచ్చేస్తుంది. నీడ పడిన వైపు వేలితో కిందికి రుద్దు. గుడిని మాత్రం కొన చెక్కిన చాక్‌పీసుతో, అన్నిటికన్నా ఆఖర్న, అన్నిటికన్నా తెల్లగా పెట్టు.

ఇక బోర్డు తయారీ. అద్దె ఇల్లు కాబట్టి గోడల జోలికి పోవద్దు. ఎమ్‌డీఎఫ్ చెక్క కొలతకి కోయించుకో. శాండ్‌పేపరుతో రుద్ది, దుమ్ము తుడిచి, బ్లాక్‌బోర్డు పెయింటు స్పాంజి రోలరుతో పల్చగా వెయ్యి. ఒక పూత నిలువుగా, ఇంకో పూత అడ్డంగా. చివరి పూత తర్వాత మూడు రోజులు దాన్ని ముట్టుకోకండి. ఆ తర్వాత చేసే పని చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలొద్దు. ఏమీ గీయకముందే తెల్ల చాక్‌పీసును పక్కవాటుగా పట్టి బోర్డంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచెయ్యి. పెయింటులోని సన్నసన్న గుంతల్లో ఆ పొడి ముందే నిండిపోతుంది. లేకపోతే మొదటిసారి గీసిన గీత అక్కడే ఇంకిపోయి, ఎంత తుడిచినా ఏడాదంతా మరకగా కనిపిస్తూనే ఉంటుంది. చాక్ మార్కర్లని అమ్మే ద్రవం పెన్నులు గాజుకి సరే గానీ, ఈ పెయింటు మీద కొన్నిసార్లు అసలు పోవు. తప్పదనుకుంటే ముందు ఓ మూల గీసి తుడిచి చూసుకో.

(వాడికి విడిగా ఒక పలక కూడా చూడు. నీ అక్షరాభ్యాసం పలక మార్కాపురం రాయి. ఇక్కడా అలాంటి రాయి ఉంది, కెర్రీలోని వాలెన్షియా దీవిలో 1816లోనే గని మొదలైంది. పాత ఇళ్ళ కప్పు మీది నుంచి దించిన రాతి పలక ఒకటి దొరికితే కడిగి ఇవ్వు. దాని మీద గీసినంత హాయిగా ఏ బోర్డు మీదా గీయలేం.)

అక్షరాలు ఐరిష్‌లోనే రాయి. లా ఏలె పాడ్రిగ్ (Lá Fhéile Pádraig), అంటే పాట్రిక్ పండగ రోజు. బడి చదువంతా ఆ భాష నేర్చుకున్నావు, నాకన్నా నీకే బాగా తెలుసు. కానీ అక్షరాల రూపం మాత్రం కంప్యూటరులోది వద్దు, కెల్స్ పుస్తకం అనే పాత సువార్తల చేతిరాత ప్రతిలో చూశామే, అలా ఉండాలి. 800 ప్రాంతంలో దూడ చర్మం మీద రాసిన ఆ అక్షరాల ముందు నువ్వు కదలకుండా నిలబడిపోయావు, మీ నాన్న రెండుసార్లు పిలవాల్సొచ్చింది. అందులో నిలువు గీతల తలలు త్రికోణంగా ఉంటాయి. డి తోక ఎడమకి ఒరుగుతుంది. జి తల మీద బల్లపరుపు గీత ఉంటుంది. పాత ఐరిష్ అచ్చులో ఐ మీద చుక్క ఉండదు. అదే అచ్చులో ఎఫ్ మీద ఒక చుక్క పెడితే ఇక హెచ్ రాయనక్కర్లేదు, ఆ ఎఫ్ పలకదని చుక్కే చెబుతుంది. దీర్ఘపు గీతలు మూడు ఉన్నాయి, మూడూ కుడివైపుకి పైకి వాలాలి. వాటిని పట్టుదలగా పెట్టు. పక్కింటి ముసలాయన ఒకసారి మన బోర్డు చూసి, ఏమీ అనకుండా ఆ మూడు గీతలనీ వేలితో చూపించి నవ్వాడు. అది నాకు దక్కిన మంచి మెప్పుల్లో ఒకటి.

రెండు వరసల్లో రాస్తే మేలు. కింది వరసలో Pádraig, ఏడక్షరాలు, నడుమ ఆర్ పడుతుంది. అందుకని ముందు బోర్డు మధ్యగీత మీద ఆర్ రాసి, అక్కడి నుంచి రెండు వైపులకీ వెళ్ళు. ఎడమ నుంచి మొదలుపెట్టి చివర్లో జి ఇరుక్కుపోయే బాధ ఉండదు. చాక్‌పీసు కొనను శాండ్‌పేపరు మీద ఒక పక్కే అరగదీస్తే నిలువు గీత లావుగా, అడ్డం గీత సన్నగా దానంతటదే పడుతుంది. అంచులు చెదిరితే తడిపి పిండేసిన ఇయర్ బడ్‌తో దిద్దు. చాక్‌పీసు కొసను నీళ్ళలో ముంచి గీస్తే ముందు మసగ్గా కనిపించి, ఆరాక తెల్లగా దిట్టంగా తేలుతుంది. కానీ అది తుడవడం కష్టం, చేయి కుదిరిన గీతలకే వాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అంచు. పాత ఐరిష్ పుస్తకాల్లో, రాతి శిలువల మీద ఉండే ఆ అల్లికను చూసిన మొదటిరోజే నా చెయ్యి చుక్కల కోసం వెతికింది. మీ జేజి మదనపల్లెలో వాకిట్లో కల్లాపి చల్లి మెలికల ముగ్గు వేస్తుంటే పక్కన పిండి గిన్నె పట్టుకుని నేర్చుకున్నదే ఇక్కడ పనికొచ్చింది. బోర్డు చుట్టూ ఒకే వరసలో, సమాన దూరంలో చుక్కలు పెట్టు. ఒక గీత మొదటి చుక్కకి పైనుంచి, రెండో చుక్కకి కిందనుంచి, మూడో దానికి మళ్ళీ పైనుంచి సాగుతుంది. రెండో గీత దానికి ఎదురుగా సాగుతుంది. చుక్కకీ చుక్కకీ నడుమ రెండూ కలుస్తాయి. ముగ్గులో అయితే అక్కడితో సరి, ఏ గీత పైన ఏ గీత కింద అని మనం చూడం. ఇక్కడ చూడాలి. ఒక కూడలిలో పైనుంచి వెళ్ళిన గీత తర్వాతి కూడలిలో కిందనుంచి వెళ్ళాలి. ప్రతి గీతనూ జంట గీత చేసి పట్టీలా వెడల్పు చేశాక, కిందికి పోవాల్సిన చోట ఇయర్ బడ్‌తో కొంచెం చెరిపెయ్. అంతే, చదునుగా ఉన్న గీతలు లేచి నిలబడి అల్లుకుపోతాయి. ఆ క్షణం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో.

చుక్కల లెక్కలో ఒక సూక్ష్మం ఉంది. బోర్డు చుట్టూ మొత్తం చుక్కలు సరిసంఖ్యలో ఉంటే రెండు వేరువేరు గీతలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని తిరుగుతాయి. బేసిసంఖ్య అయితే మొత్తం అంచంతా ఒకే గీత. వేలు పెట్టి దాని వెంట వెళ్తే బోర్డును రెండు చుట్లు చుట్టి, బయలుదేరిన చోటికే వస్తుంది. నాకు ఒకే గీత ఉండాలి. ఎదురెదురు వైపుల సమానంగా పెడితే ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది కాబట్టి, కిందివైపు ఒక చుక్క ఎక్కువ పెట్టి కాస్త దగ్గరదగ్గరగా సర్దు. ఎవరూ కనిపెట్టలేరు.

షామ్‌రాక్ గీస్తే దానికి మూడాకులే. ఆ మొక్క ఏదన్నది కూడా తమాషా సంగతి. నథానియెల్ కోల్గన్ అనే ఆయన 1893లో దేశం నలుమూలల నుంచి జనం షామ్‌రాక్ అని పంపిన మొక్కలు తెప్పించి, నాటి, పూసేదాకా ఆగి చూశాడు. పసుపు పూల చిన్న క్లోవరు, తెల్లపూల క్లోవరు, ఎక్కువగా ఈ రెండే వచ్చాయి. 1988లో మళ్ళీ చేసినా అంతే. నువ్వు తెల్లపూలదే గియ్యి. దాని ఆకు మీద లేత రంగు వంపుగీత ఉంటుంది, చాక్‌పీసుకి అది ఎంతో అందం. మీ పెరట్లో గడ్డిలోనే ఉంటుంది, ఒక కాడ తెంపి బోర్డు పక్కన పెట్టుకుని చూస్తూ వెయ్యండి. ఆకుపచ్చ చాక్‌పీసు నలుపు మీద చచ్చిన రంగులో పడుతుంది. ముందు తెలుపు పల్చగా రుద్ది, దాని మీద ఆకుపచ్చ, అంచున కాస్త పసుపు తాకించు.

కొండ వెనక ఆకాశానికి మాత్రం నీలమే. ఆకుపచ్చ ఇంత గట్టిగా పాతుకోకముందు పాట్రిక్ పేరుతో ముడిపడిన రంగు నీలం. 1783లో పెట్టిన ఆర్డర్ ఆఫ్ సెయింట్ పాట్రిక్ అనే రాజగౌరవానికి కూడా నీలమే ఇచ్చారు. ఇప్పటికీ ఈ దేశాధ్యక్షుడి జెండా నీలం మీద బంగారు హార్ప్, అదే ఇక్కడి తీగల వాయిద్యం.

ఆ హార్ప్ పైన ఒక మూల చిన్నగా ఉంటే చాలు. నమూనాకి ఐర్లాండ్ యూరో నాణెం చూడు, పుస్తకాలొద్దు. గిన్నెస్ బీరు సీసా మీది హార్ప్ దానికి ఎదురువైపు తిరిగి ఉంటుంది. కంపెనీ వాళ్ళు 1876లోనే దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకున్నారు, ప్రభుత్వం తనది ఇటు తిప్పుకుంది. హార్ప్ గీసేటప్పుడు వాడికి మార్గరెట్ కజిన్స్ గురించి చెప్పు. రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్‌లో, మీకు పెద్ద దూరం కాదు, అక్కడ పుట్టి సంగీతం చదివిన మనిషి. భర్త జేమ్స్ మన మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాల్. 1919లో టాగూరు అక్కడికి వచ్చి ఉన్నప్పుడు జనగణమన బాణీకి స్వరలిపి రాసి పెట్టింది ఆవిడే. మన ఊరికీ మీ ఊరికీ మధ్య ఇంత పాత దారి ఉందని వాడికి ఇప్పటి నుంచే తెలియాలి.

మేము 16వ తేదీ సాయంత్రం రైలుకి వస్తున్నాం. ఆలోగా బోర్డు ఆరి, రుద్ది తుడిచి సిద్ధంగా ఉండాలి. చుక్కలన్నీ వాడితోనే పెట్టించు, లెక్క కూడా వాడే పెట్టాలి. తప్పితే నేనొచ్చాక సరిచేస్తాం. హార్ప్ తీగలు నాకు వదిలెయ్యి. పసుపు చాక్‌పీసులు అక్కడ దొరక్కపోతే ఆదివారంలోగా చెప్పు, ఇక్కడి నుంచి పట్టుకొస్తాను.

అమ్మ