డెట్రాయిట్ చీకటి గురించి మన తగవు

నోవై, మిషిగన్

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నా మాట నమ్మి శనివారం రాత్రి భోజనాలు కాగానే ఇంటిల్లిపాదీ అమెరికా దర్శకుడు జిమ్ జార్ముష్ తీసిన 'ఓన్లీ లవర్స్ లెఫ్ట్ అలైవ్' ముందు కూర్చున్నారని, గంట గడిచేసరికి నీకు కునుకు పట్టిందని, నీ పక్కనే ఉన్న అమ్మాయి మాత్రం చివర్లో కళ్ళు తుడుచుకుందని, ఆ తరువాత తండ్రీకూతుళ్ళ మధ్య ఆదివారం మధ్యాహ్నం దాకా వాదన నడిచిందని రాశావు. "రక్తపిశాచుల సినిమా అన్నావు, ఒక్కరి పీక కొరకడం కూడా కళ్ళారా చూడలేదు, ఇద్దరు మనుషులు చీకటి గదిలో పాటలు వింటూ పడుకుంటే అది కథ ఎలా అవుతుంది?" అని నన్ను నిలదీశావు. దీనికి ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ సినిమా నా మనసుకు చాలా దగ్గరది. పైగా నువ్వు అన్న మాటల్లో సగం మా ఇంట్లోనే, నా ఎదుటే ఇదివరకే అన్నారు.

క్రిందటి చలికాలంలో ఒక రాత్రి, బయట మంచు దిగబడి ఎవరూ ఎటూ కదలలేని పరిస్థితిలో, మా వీధిలోని తెలుగువాళ్ళం ఎనిమిది మందిమి మా ఇంటి బేస్‌మెంటులో ఈ సినిమా చూశాము. 123 నిమిషాల సినిమా. మొదట్లోనే ఆకాశంలోని నక్షత్రాలు గిర్రున తిరుగుతూ తిరుగుతూ గ్రామఫోను రికార్డుగా మారడం, ఆ రికార్డుతో పాటే డెట్రాయిట్‌లో రక్తపిశాచి ఆడమ్, మొరాకోలోని టాంజియర్ ఊళ్ళో అతని భార్య ఈవ్ పైనుంచి కనబడుతూ తిరగడం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తిరగడం ఆగేలోపే ఇద్దరు లేచి పకోడీల పళ్ళెం దగ్గరికి వెళ్ళిపోయారు. నలభై నిమిషాల తరువాత ఇంకొకరు వెళ్ళారు. మిగిలినవాళ్ళలో ఒకాయన, డెట్రాయిట్ నడిబొడ్డున ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి, ఒక చోట ఉన్నట్టుండి "ఆపండి, ఆపండి" అన్నారు.

ఆడమ్ ఈవ్‌ను తీసుకువెళ్ళి పాత మిషిగన్ థియేటర్ చూపించే చోటు అది. 1926లో తెరిచిన ఆ థియేటర్‌లో నాలుగు వేల మందికి పైగా కూర్చునేవారు. 1970లలో లోపలి భాగం పడగొట్టి దానిని కార్లు నిలుపుకునే చోటుగా మార్చేశారు. గోడలు పూర్తిగా తీసేస్తే పక్కనున్న ఆఫీసు భవనానికి ప్రమాదమని పైకప్పును, దాని మీది నగిషీలను అలాగే వదిలేశారు. అందుకే ఇప్పటికీ రాజమహలు కప్పు కింద వరుసగా కార్లు నిలబడి ఉంటాయి. హెన్రీ ఫోర్డ్ 1896లో తన మొట్టమొదటి మోటారు బండిని తయారు చేసిన షెడ్డు కూడా సరిగ్గా ఆ స్థలంలోనే ఉండేది. కారు పుట్టిన నేల మీద నాటకశాల లేచింది, ఆ నాటకశాలను మళ్ళీ కార్లే ఆక్రమించుకున్నాయి. ఆ పెద్దమనిషి బొమ్మను ఆపించి, "నేను కొన్నేళ్ళు రోజూ ఇక్కడే కారు పెట్టేవాణ్ణి. ఆఫీసుకు ఆలస్యమైపోతోందన్న కంగారులో ఒక్కనాడైనా తల ఎత్తి పైకి చూడలేదు" అన్నారు. ఆ తరువాత ఆయన సినిమా అయ్యేదాకా కుర్చీలోంచి కదలలేదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఏమీ జరగదు అన్న నీ ఫిర్యాదుకు నా సమాధానం అందులోనే ఉంది. వందల ఏళ్ళు బతికిన ఇద్దరికి ఒక రాత్రి ఎంత పొడవుగా ఉంటుందో, ఒక వస్తువును చేత్తో తాకితే ఎంత కాలం గుర్తుకు వస్తుందో చూపించడానికి జార్ముష్‌కు తొందరపడని నడక కావలసి వచ్చింది. ఈవ్ ఒక పాత గిటారును వేళ్ళతో తాకి అది 1905 నాటి గిబ్సన్ అని చెప్పేస్తుంది. అంతకన్నా నాకు ఇష్టమైనది ఆమె ప్రయాణానికి పెట్టెలు సర్దుకునే ఘట్టం. బట్టలు పెట్టదు, అన్నీ పుస్తకాలే. ఒక్కొక్క పుస్తకం తెరిచి, పుట మీద వేలు నిలువునా జార్చుకుంటూ, ఎన్నో భాషల్లోని పుస్తకాలను రెప్పపాటులో చదివేసి, ముఖంలో చిన్నపిల్ల సంతోషంతో పెట్టెలో పేర్చుకుంటుంది. అమెరికా విమానం ఎక్కేముందు ఇరవై మూడు కిలోల లెక్క చూసుకుంటూ ఆవకాయ జాడీ ఉంచాలా, నాన్నగారి భాగవతం ఉంచాలా అని నేల మీద కూర్చుని తేల్చుకోలేకపోయిన మనిషిని నేను. ఆ ఘట్టంలో ఏమీ జరగడం లేదని నాతో ఎవరైనా అంటే ఎలా ఒప్పుకోగలను?

ఈ రకం సినిమాలకు జనం రెండుగా చీలడం కొత్త కాదు. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రేయర్ తీసిన 'వాంపిర్' 1932లో బెర్లిన్‌లో మొదటిసారి ఆడినప్పుడు హాలులో ఈలలు వేసి గోల చేశారు. అందులోనూ పీకలు కొరకడాలు దాదాపు కనబడవు. అంతా పొగమంచు, నీడలు, ఎవరి మాటా సరిగా వినబడని ఇళ్ళు. చివర్లో దుష్టుడైన వైద్యుడు పిండిమరలో చిక్కుకుని, పైనుంచి తెల్లగా రాలుతున్న పిండిలో మెల్లగా మునిగిపోతాడు. నేను చూసిన భయంకరమైన చావుల్లో అదొకటి, ఒక్క చుక్క రక్తం లేదు. అప్పుడు గోల చేసిన వాళ్ళు తెలివితక్కువ వాళ్ళని నేను అనను. ముందు సంవత్సరమే హాలీవుడ్ 'డ్రాకులా' విడుదలైంది, భయపడదామని వచ్చిన వాళ్ళకు కల చూపిస్తే కోపం రాకుండా ఉంటుందా? నీ కోపం కూడా అటువంటిదే. దానిలో కొంత తప్పు నాది, రక్తపిశాచుల సినిమా అని మాత్రమే చెప్పి నిన్ను కూర్చోబెట్టాను.

అయితే మా ఆవిడ చేసిన విమర్శ వేరు, దానికి జవాబు వెతకడానికి నాకు చాలా రోజులు పట్టింది. నెమ్మదిగా సాగడం ఆమెకు ఇబ్బంది అనిపించలేదు. "అన్ని శతాబ్దాలు బతికి, అంత సంగీతం విని, అంత చదువు చదివి, ఆ మనిషి నేర్చుకున్నది తోటివాళ్ళను చులకనగా చూడటమేనా?" అని అడిగింది. ఆమె మాట నిజమే. ఆడమ్ మామూలు మనుషులను జాంబీలు అంటాడు. తన గోడ నిండా రచయితలు పో, కాఫ్కా, మూకీల హాస్యనటుడు బస్టర్ కీటన్ వంటి మహానుభావుల బొమ్మలు పెట్టుకుంటాడు, సంగీతకర్త షూబర్ట్‌కు ఒక అడాజియో, అంటే నెమ్మదిగా సాగే సంగీత భాగం, తానే రాసి ఇచ్చానంటాడు. షేక్‌స్పియర్ కాలం నాటి నాటకకర్త క్రిస్టఫర్ మార్లో, వయసు మళ్ళి, సాక్షాత్తూ టాంజియర్‌లో రక్తం తాగుతూ, షేక్‌స్పియర్ పేరిట చలామణి అవుతున్న నాటకాలు తనవేనని వాపోతుంటాడు. ఈ పేర్ల వాన చూసి చాలా మందికి ఒళ్ళు మండింది. నువ్వు కూడా "వాళ్ళ గొప్పలు వినడానికి నేను నిద్ర మానుకోవాలా?" అని రాశావు. మరో పక్క ఈ సినిమాను నెత్తిన పెట్టుకునేవాళ్ళలో చాలా మంది ఆడమ్ మాటలనే వేదవాక్కులుగా తీసుకుని, లోకమంతా జాంబీలు, మనం కొందరమే రసికులం అన్న ధోరణిలో మాట్లాడుతుంటారు.

నా నమ్మకం ఏమిటంటే, తిట్టేవాళ్ళూ మెచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ ఒక్క చోటనే ఆగిపోయారు. ఆడమ్ అన్న మాటను సినిమా అన్న మాటగా తీసుకున్నారు. నువ్వు నిద్రలోకి జారిన తరువాతి గంటలో జరిగేది చూస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది. ఆడమ్ తనకు కావలసిన రక్తాన్ని ఒక ఆసుపత్రి వైద్యుడికి నోట్ల కట్టలిచ్చి కొనుక్కుంటాడు, పీక కొరకడం మోటుతనమని అతని అభిప్రాయం. చిన్న చిన్న గాజు గ్లాసుల్లో పోసుకుని తీర్థంలా పుచ్చుకుంటారు. ఈవ్ ఆ రక్తాన్నే గడ్డకట్టించి, పుల్లకు గుచ్చి, మనం బడి గేటు దగ్గర కొనుక్కున్న పుల్ల ఐసులా చీకుతూ కూర్చుంటుంది. అంత నాగరికత! కానీ ఈవ్ చెల్లెలు ఆవా లాస్ ఏంజిలిస్ నుంచి ఊడిపడి, ఆడమ్‌ను దేవుడిలా కొలిచి గిటార్లు తెచ్చి ఇచ్చే కుర్రవాణ్ణి ఒక్క రాత్రిలో పొట్టన పెట్టుకుంటుంది. దంపతులిద్దరూ ఆ కుర్రవాడి శవాన్ని పాడుబడిన కర్మాగారంలో ఆమ్లపు గోతిలో పడేసి, టాంజియర్‌కు పారిపోతారు. అక్కడ కలుషితమైన రక్తం తాగి మార్లో చనిపోతాడు. డబ్బు లేదు, మంచి రక్తం లేదు, ఒంట్లో సత్తువ లేదు. ఆ స్థితిలో ఆడమ్ ఒక కాఫీ హోటలు ముందు నిలబడి లెబనాన్ గాయని యాస్మిన్ హమ్దాన్ పాట వింటాడు. నీరసంతో గోడకు ఆనుకున్న మనిషి ముఖం పాటకు వెలుగుతుంది. తరువాత కొద్దిసేపటికి వీధి చివర ముద్దు పెట్టుకుంటున్న ఒక కుర్ర జంటను చూసి, ఆలుమగలిద్దరూ కోరలు బయటపెట్టి వాళ్ళ మీదికి, అంటే తెరకు ఇవతల ఉన్న మన మీదికి, వంగుతారు. బొమ్మ అయిపోతుంది. ఎవరిని జాంబీలని ఈసడించాడో వాళ్ళ ఆకలే చివరికి తనదీ అయింది. మీ అమ్మాయి కన్నీళ్ళు ఇక్కడివే అయి ఉంటాయని నా ఊహ.

ఇంతగా వెనకేసుకొస్తున్నాను కానీ, నాకూ ఈ సినిమాతో ఒక పేచీ ఉంది. దానిని దాచిపెట్టి నీతో వాదించడం న్యాయం కాదు. ఆడమ్, ఈవ్ తెల్లటి పాత జాగ్వార్ కారులో రాత్రంతా తిరిగే డెట్రాయిట్‌లో మనుషులు లేరు. 1950లో పద్దెనిమిదిన్నర లక్షల జనాభా ఉన్న ఊరు 2010 నాటికి ఏడు లక్షల చిల్లరకు పడిపోయిన మాట నిజం. ఈ సినిమా 2013 మేలో కాన్ చలనచిత్రోత్సవంలో ఆడిన రెండు నెలలకే, జూలై 18న, ఆ నగరం దివాలా పిటిషను వేసిన మాటా నిజం. అయినా ఆ ఏడు లక్షల మంది ఎక్కడ? వాళ్ళలో పదిమందిలో ఎనిమిది మంది నల్లజాతివారు. సినిమాలో వాళ్ళ తరఫున చెప్పుకోదగ్గ పాత్ర ఒక్కటే, జెఫ్రీ రైట్ వేసిన రక్తం అమ్మే వైద్యుడు. ఊరు ఖాళీ అయిందని కవిత్వం చెప్పడం పక్క ఊళ్ళలో కాపురముండే మాలాంటి వాళ్ళకు తేలిక. ఊళ్ళోనే ఉండి, వీధి దీపాలు వెలగకపోయినా పిల్లలను బడికి పంపి, ఆదివారం చర్చిలో పాడుకున్నవాళ్ళు దానిని ఖాళీ ఊరని ఒప్పుకోరు. మా రిటైరైన పెద్దమనిషి కూడా ఆ రాత్రి ఇదే మాట అన్నారు: "నేను పనిచేసిన ఊరు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు."

ఇంకొక మాట ఉంది, అది తలచుకున్నప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఆ పాడుబడ్డ వీధులు చూస్తూ ఈవ్, ఇక్కడ నీళ్ళున్నాయి కాబట్టి దక్షిణాది నగరాలు మండిపోయే రోజున ఈ ఊరు మళ్ళీ పూస్తుందని భర్తకు ధైర్యం చెబుతుంది. చుట్టూ మంచినీటి సముద్రాల వంటి సరస్సులుండగా ఆ మాట సబబుగానే తోస్తుంది. ఈ సినిమా అమెరికా హాళ్ళలోకి వచ్చినది 2014 ఏప్రిల్‌లో. అదే ఏప్రిల్ 25న, మాకు గంట ప్రయాణం దూరంలో ఉన్న ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ నుంచి వచ్చే నీళ్ళు మానేసి తమ ఊరి నది నీళ్ళకు మారింది. ఆ నీళ్ళు పాత గొట్టాలను తినేసి, ఇళ్ళ కుళాయిల్లోకి సీసం వచ్చి, చంటిపిల్లల ఒంట్లోకి చేరింది. కలుషితమైన రక్తానికి భయపడే ఆ దంపతులను చూసినప్పుడల్లా, కుళాయి కింద సీసా పట్టి, అందులోని గోధుమరంగు నీళ్ళను అధికారులకు చూపించిన ఫ్లింట్ తల్లులు నాకు గుర్తుకు వస్తారు. దర్శకుడికి ఇది తెలిసే అవకాశం లేదు. కానీ ఇక్కడ ఉన్నవాళ్ళం ఫ్లింట్ సంగతి తలచుకోకుండా ఈ సినిమా చూడలేము.

ఈవ్ చెప్పిన పూయడం కూడా కొంత నా కళ్ళతో చూశాను. 1988లో ఆఖరి రైలు వెళ్ళిపోయాక ముప్ఫై ఏళ్ళు అద్దాలు లేని కిటికీలతో నిలబడిన మిషిగన్ సెంట్రల్ స్టేషనును ఫోర్డ్ కంపెనీ 2018లో కొని, బాగు చేయించి, 2024 జూన్‌లో తెరిచింది. నేనూ మా ఆవిడా వెళ్ళాము. ఆ హాలులో జనమంతా ఒకే పని చేస్తున్నారు, మెడలు వెనక్కి వాల్చి కప్పు వైపు చూస్తున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ రిటైరైన పెద్దాయన్ని కూడా తీసుకువచ్చి ఉండవలసింది" అంది.

నువ్వు మళ్ళీ రెండు గంటలూ కూర్చోనక్కరలేదు. టాంజియర్‌కు తిరిగి వెళ్ళిన దగ్గరనుంచి ఆఖరి భాగం మాత్రం, ఒక్కడివే, ఇల్లంతా నిద్రపోయాక, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడు. జోజెఫ్ వాన్ విస్సెమ్ వాయించిన ల్యూట్ అనే పాతకాలపు తీగవాద్యం టీవీ స్పీకరులో సగం కూడా వినబడదు. అప్పటికీ నీకు నచ్చకపోతే నీ మాట నీదే, నేను మరి రెట్టించను. మీ అమ్మాయిని మాత్రం నాకు విడిగా ఒక కాగితం రాయమని చెప్పు. తనకు ఏడుపు వచ్చింది ఆ పాట దగ్గరా, ఆ కోరల దగ్గరా అన్నది నాకు తెలుసుకోవాలని ఉంది.

నీ
ప్రాణమిత్రుడు