చిన్న వ్యాపారి ఖాతా ఆపే ముందు కారణం చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

టెక్నాలజీ వచ్చాక చిన్న వ్యాపారాలు ఎలా ఎదిగాయో చెప్పే కథనాలు పత్రికల్లో తరచూ వస్తుంటాయి. ఫోన్ కొన్నాడు, సరుకు ఆన్‌లైన్‌లో పెట్టాడు, గిరాకీ పెరిగింది, అక్కడితో కథ అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఆన్‌లైన్ ఖాతాని యాప్‌ వాళ్లు ఆపేస్తే ఏమవుతుందో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

మేలు జరగలేదని అనను. బార్‌కోడ్ 1974లోనే అమెరికాలో ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ మీదకి వచ్చింది, కానీ దాన్ని చదివే యంత్రం కొనే స్తోమత చాలాకాలం పెద్ద వ్యాపారులకే ఉండేది. ఇప్పుడు ఆ పని జేబులో ఫోన్ చేసేస్తోంది. క్యూఆర్ కోడ్‌ని జపాన్‌లో డెన్సో కంపెనీ 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. పేటెంట్ చేతిలో ఉన్నా వాడుకున్నవాళ్లని డబ్బు అడగలేదు, అందుకే ఒక కాగితం మీద ప్రింట్ తీసి అంటించుకుంటే చాలన్నంత తేలిగ్గా అందరికీ అందింది. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా అనే ఫోన్ చెల్లింపుల సేవ అయితే స్మార్ట్‌ఫోన్ కూడా అడగలేదు, మామూలు ఫోన్‌తోనే, బ్యాంకు ఖాతా లేనివాళ్ల మధ్య కూడా డబ్బు నడిపించింది. రాత్రి షట్టర్ దించాక గల్లా లెక్కకీ చిట్టాకీ పొంతన కుదరక కూర్చునే బాధ చాలామందికి తప్పింది.

అయితే కొత్త తలనొప్పులూ వచ్చాయి. కొన్నాయన "పంపేశానండీ" అని ఫోన్ చూపిస్తాడు. డబ్బు వచ్చినట్టు మెసేజ్ మాత్రం కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి రాదు, ఎక్కడో ఉన్న యజమాని ఫోన్‌కి వస్తుంది, అదీ ఒక్కోసారి ఆలస్యంగా. వెనక మరో నలుగురు నిలబడి ఉంటారు. ఆగమంటే "నన్ను అనుమానిస్తున్నావా" అంటాడు, పోనీలే అని వదిలేస్తే ఆ స్క్రీన్‌షాట్ పాతదని సాయంత్రానికి తెలుస్తుంది. ఆ టెన్షన్ పడేది కుర్రాడు, తిట్లు తినేదీ కుర్రాడే. ఇక సరుకుకి ఫొటోలు తీయడం, అర్ధరాత్రి వచ్చే మెసేజ్‌లకి జవాబివ్వడం, వస్తువు వాడకుండానే ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లని బతిమాలుకోవడం, ఇవన్నీ కూడా ఇప్పుడు వ్యాపారంలో భాగమే, వీటికి వేరే మనిషిని పెట్టుకునే స్తోమత చిన్నవాళ్లకి ఉండదు. సరే, ఇవన్నీ ఎలాగోలా భరిస్తాం.

భరించలేనిది ఇంకొకటి ఉంది. ఒక రోజు పొద్దున్నే సరుకు అమ్ముకునే యాప్‌లో మన ఖాతా తెరిస్తే "మీ ఖాతా నిబంధనలకు విరుద్ధంగా ఉన్నందున నిలిపివేశాం" అని కనిపిస్తుంది. ఏ నిబంధనో, ఏ వస్తువు విషయంలోనో అందులో ఉండదు. ఫిర్యాదు పంపితే యంత్రం రాసిన జవాబు వస్తుంది, మళ్లీ పంపితే మళ్లీ అదే జవాబు, మాట్లాడదామంటే మనిషి దొరకడు. పాత ఆర్డర్లు, కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మంచి రివ్యూలు అన్నీ ఆ ఖాతాలోనే ఉండిపోతాయి. నిజంగా తప్పు చేసినవాడి ఖాతా ఆపితే ఎవరూ కాదనరు. పొరపాటున ఆపితే ఎవరికి చెప్పుకోవాలి? సౌకర్యం పేరుతో మన జుట్టు తీసుకెళ్లి ఆ యాప్‌ల కంపెనీల చేతికిచ్చాం.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆర్డర్లన్నీ వాటిలోనే తీసుకునేవాళ్లకి ఆ పూట కొట్టు మూసినట్టే. అది అందరికీ వచ్చిన ఇబ్బంది కాబట్టి లోకమంతా మాట్లాడుకుంది, కొన్ని గంటల్లోనే తిరిగి తెరుచుకుంది కూడా. ఒక్కడి ఖాతా నెల రోజులు ఆగితే పక్క వీధి వాళ్లకి కూడా తెలియదు.

దీనికి మందు లేకపోలేదు. యూరోపియన్ యూనియన్ 2019లో ఒక నిబంధన తెచ్చి 2020 జూలై 12 నుంచి అమలు చేసింది. దాని ప్రకారం ఇలాంటి యాప్‌లు, వెబ్‌సైట్లు నడిపే కంపెనీలు వ్యాపారి ఖాతా ఆపితే కారణం రాసి ఇవ్వాలి. పూర్తిగా మూసేయాలంటే, కొన్ని మినహాయింపులు తప్ప, 30 రోజుల ముందు చెప్పాలి. షరతులు మార్చాలంటే కనీసం 15 రోజుల గడువివ్వాలి. వెతికినప్పుడు ఎవరి సరుకు పైన, ఎవరిది కింద కనిపిస్తుందో ప్రధానంగా ఏ లెక్కన తేలుస్తారో కూడా చెప్పాలి. ఈ చివరిది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే సరుకు మంచిదైనా నాలుగో పేజీలో ఉంటే ఎవరికీ కనపడదు, పైకి రావాలంటే ప్రకటనకి డబ్బు కట్టమంటారు, కట్టడం ఆపిన వారానికే మళ్లీ కిందకి జారిపోతాం. ఆ చట్టంతో అక్కడ అన్నీ చక్కబడ్డాయని నేను అనడం లేదు. కారణం అడిగే హక్కంటూ ఒకటి కాగితం మీదైనా ఉంది కదా, అది ఎక్కడ వ్యాపారం చేసుకునేవాడికైనా ఉండాలి, దాంతోపాటు ఫోన్ ఎత్తి మాట్లాడే ఒక మనిషీ ఉండాలి.

చట్టాలు వచ్చేదాకా తోటి వ్యాపారులు చేయగలిగింది ఒకటుంది. నెలకోసారి ఆర్డర్ల వివరాలు, కొన్నవాళ్ల నంబర్లు (వాళ్ల అనుమతితోనే) సొంత కంప్యూటర్‌లోకి దించుకోండి, అది కుదరకపోతే పుస్తకంలో రాసుకోండి. అలా వివరాలు దించుకునే ఎక్స్‌పోర్ట్ బటన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది, కొన్ని యాప్‌లలో అసలు ఉండదు. కొత్త యాప్‌లో సరుకంతా ఎక్కించేముందే అది ఉందో లేదో చూసుకోండి.

ఇట్లు,
ఒక చిరు వ్యాపారి