పిడుగు కబురు ఊరి మైకులో రావాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మంగళవారం అమ్మకు బీపీ గోళీలు తేవడానికి, అట్లనే బ్యాంకు పని చూసుకోవడానికి పరకాల పోయాను. పొద్దుటి నుంచి మాడు పగిలే ఎండ. మూడు దాటాక తిరుగు ప్రయాణమయ్యేసరికి పడమట మొగులు నల్లగా కమ్మింది. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా గాలి దుమారం లేచింది, వెంటనే పెద్ద పెద్ద చినుకులు. రోడ్డు పక్క చింతచెట్టు కింద బండి ఆపాను. అప్పటికే అక్కడ ఇద్దరు కూలి ఆడవాళ్లు, మేకలతో ఒక ముసలాయన ఉన్నారు.

ఎదురుగా స్లాబు వేసిన చిన్న కిరాణా కొట్టు. అందులోని పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి "చెట్టు కింద ఏం నిలవడ్డరు బిడ్డా, ఉరుకుండ్రి లోపలికి!" అని కేకేసింది. మేకలను వదిలి రానన్నాడు ముసలాయన. ఆమే వానలో తడుస్తూ వచ్చి ఆయన రెక్క పట్టుకుని తీసుకుపోయింది. కూలి ఆడవాళ్లలో ఒకామె "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూనే ఉంది. అంతలో కళ్లు చెదిరే వెలుగు, దాంతోపాటే చెవులు దిమ్మెక్కే చప్పుడు. వాన తగ్గాక చూస్తే చింతచెట్టు బెరడు పైనుంచి మొదలు దాకా నిలువునా చీరిపోయి, లోపలి చెక్క తెల్లగా బయటపడింది. మూడు మేకలు కాళ్లు చాపి పడి ఉన్నాయి. ముసలాయన ఒక్కొక్కదాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. నాకైతే బండి తాళం తిప్పుదామన్నా చేతి వణుకు ఆగలేదు.

హైదరాబాద్ వాతావరణ కేంద్రం రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా ఉరుములు, ఈదురుగాలుల హెచ్చరికలు ఇస్తుంది. పిడుగుల గురించి ఫోనులో హెచ్చరించే, పుణె శాస్త్రవేత్తలు తయారుచేసిన దామిని యాప్ కూడా ఉంది. కానీ ఆ చెట్టు కింద నిలబడ్డ నలుగురిలో ఏ ఒక్కరి దగ్గరా ఆ యాప్ లేదు. ముసలాయన జేబులో ఉన్నది బటన్ల ఫోను. 2023లో ప్రభుత్వ విపత్తు హెచ్చరికల ప్రయోగమంటూ ఫోన్లు ఒక్కసారిగా మోగి అందరినీ ఉలిక్కిపడేలా చేశాయి. ఆ మోత మంగళవారం నాడు మా ఎవరి ఫోనులోనూ వినపడలేదు.

మా పంచాయతీకి మైకు ఉంది. ఇంటి పన్ను కట్టమని, నల్లా నీళ్లు రావని అందులోనే చెబుతారు. చెత్త ట్రాక్టరుకూ మైకు ఉంది. హెచ్చరిక జిల్లా అధికారులకు అందిన పావుగంటలో ఆ మైకుల్లో వినిపించడం అంత కష్టమైన పనా? చెట్టు మీద పడ్డ పిడుగు పక్కన నిలబడ్డవాళ్ల మీదికి దూకుతుందని, నేలలోంచి కూడా పాకుతుందని, మెరిసిన మూడు సెకన్లకు ఉరుము వినబడితే అది కిలోమీటరు దూరంలోనే ఉన్నట్టని, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దని మన మాటల్లో చెబితే చాలు.

ఇప్పుడు యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో ఉన్నాయి. మబ్బు పట్టగానే రైతులు, హమాలీలు పరదాలు పట్టుకుని బయటికే ఉరుకుతారు తప్ప లోపలికి రారు. అందుకే అక్కడ ముందే చెప్పాలి, పరదాలు కప్పుకునే వ్యవధి దొరకాలి. దగ్గరి బడి గదుల తాళాలు ఈ రెండు నెలలు సాయంత్రం దాకా ఎవరైనా తీసి ఉంచాలి. హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్లు ఈ వారంలోనే ఆదేశాలు ఇవ్వాలని వేడుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, పరకాల మండలం, హనుమకొండ జిల్లా